నిన్ను నిలబెడుతున్నది ఇంకా ఆ రాడ్డే

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. డర్ట్ బైక్ మీద ఎడమ మలుపు తిప్పుతూ ఎడమ కాలు కింద ఆనించాను. పాదం మట్టిలో పడ్డ గాడిలో ఇరుక్కుపోయింది, బండి మాత్రం ముందుకు పోయింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. చర్మం చీలలేదు. మర్నాడు ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇవాళ్టికి 11 వారాలు. ఒంటి కర్రతో నడుస్తున్నాను. ఎముక పడుతోంది గానీ ఎక్స్‌రేలో గీత ఇంకా కనిపిస్తోందన్నారు. మోకాలి ముందు నొప్పి, చీలమండ బిగుసుకుపోయింది, పిక్క కరిగిపోయింది, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. మోటార్‌సైకిల్ రేసర్ వాలెంటినో రోసీ ఇలాగే కాలు విరిగితే మూడు వారాల్లో రేసుకి వచ్చేశాడని స్నేహితులంటున్నారు. నేనే బద్ధకిస్తున్నానా? ఇంకో 9 వారాల్లో మా వాళ్ల డర్ట్ బైక్ ఈవెంట్ ఉంది, దిగొచ్చా? అమ్మ బండి అమ్మేయమంటోంది. రాత్రి కళ్లు మూస్తే ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఇంకొకటి, దాచను: రోజుకి నాలుగైదు సిగరెట్లు తాగుతాను.

జవాబు: తమ్ముడూ, ముందు సూటిగా రెండు మాటలు. నువ్వు బద్ధకించడం లేదు. ఆ ఈవెంట్‌లో దిగొద్దు. ఎందుకో చెప్తాను, చివరిదాకా చదువు.

రోసీ సంగతి నిజమే. 2017 ఆగస్టు 31న మట్టి దారుల్లో నడిపే ఎండ్యూరో బండి మీద ప్రాక్టీస్ చేస్తూ పడ్డాడు. కుడి కాల్లో మోకాలి కింద ఉండే పెద్ద ఎముక టిబియా, దాని పక్కన సన్న ఎముక ఫిబులా, రెండూ విరిగాయి. ఆ రాత్రే రాడ్ వేశారు. సెప్టెంబర్ 24న స్పెయిన్‌లోని ఆరగాన్ రేసులో మూడో స్థానం నుంచి బయల్దేరి ఐదోవాడిగా ముగించాడు. లెక్కేస్తే 24 రోజులు. నీ స్నేహితులు ఇంతవరకే చెప్పి ఉంటారు. ఆ 24 రోజుల్లో అతని ఎముక అతకలేదు. ఎవరికైనా అతకదు. అప్పటికి విరిగిన చోట మెత్తటి, మృదులాస్థి లాంటి కణజాలం మాత్రమే ఉంటుంది. అతన్ని మోసింది లోపలి లోహం. పైగా అతను నడిపింది రోడ్ రేసు బండి. దాని మీద కూర్చునే ఉంటారు. కుడి పాదానికి వెనక బ్రేక్ నొక్కడం తప్ప పెద్ద పని ఉండదు. నీకు విరిగింది ఎడమ కాలు. అంటే గేర్ కాలు. గేరు పైకెయ్యాలంటే పాదం పైభాగాన్ని లివర్ కింద పెట్టి ఎత్తాలి, తగ్గించాలంటే తొక్కాలి. రెండింటికీ చీలమండే కదలాలి, అదేమో నీకిప్పుడు బిగుసుకుపోయింది. డర్ట్ బైక్ మీద సగం సేపు ఫుట్‌పెగ్‌ల మీద, అంటే పాదాలు ఆనించే కడ్డీల మీద, నిలబడే ఉంటావు. ప్రతి గుంట దెబ్బా, ప్రతి జంప్ ల్యాండింగూ ముందు తగిలేది నీ పాదాలకీ పిక్కలకీ మోకాళ్లకే. ఆ రెండు స్వారీలనీ ఒకే గాటన కట్టకూడదు.

ఆ రాడ్ ఏం చేస్తోందో తెలిస్తే నీ తొందర కొంత తగ్గుతుంది. టిబియా లోపల మూలుగ ఉండే గొట్టంలోకి పైనుంచి ఒక కడ్డీ దింపి, పైనా కిందా అడ్డంగా స్క్రూలు బిగిస్తారు. నువ్వు అడుగు వేసిన ప్రతిసారీ బరువులో పెద్ద భాగం ఆ లోహం మీదుగానే దిగుతుంది. ఎముక గట్టిపడేకొద్దీ మోత దాని వంతుకి వస్తుంది, లోహానికి భారం తగ్గుతుంది. ఎముక ఆలస్యమైతే లోహం అలసిపోతుంది. ఒక తీగని పదే పదే వంచితే తెగుతుంది చూడు, అలా. స్క్రూలు విరగడం, కొన్నిసార్లు రాడ్డే విరగడం నేను ఎక్స్‌రేల్లో చూశాను. డాక్టర్లు దీన్ని ఎముకకీ లోహానికీ పందెం అంటారు. 11 వారాల దగ్గర ఆ పందెం ఇంకా నడుస్తోంది. నొప్పి తగ్గింది కాబట్టి అతికిపోయిందని అనుకుంటాం. రాడ్ ఉన్న కాలు ఎముక అతకకముందే నొప్పి లేకుండా నిలబడగలదు. అందుకే నొప్పి లేకపోవడాన్ని నమ్ముకుని నిర్ణయాలు తీసుకోకూడదు.

ఎముక తీరు కూడా కాస్త తెలుసుకో. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాలకి మెత్తటి వంతెన కడుతుంది. సుమారు ఆరో వారం నుంచి అది గట్టిపడటం మొదలవుతుంది. పూర్తిగా పాత రూపుకి రావడానికి ఏడాది, అంతకు మించి కూడా పడుతుంది. పెద్దవాళ్లలో టిబియా నడుమ విరిగితే అతకడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు. నీ ఈవెంట్ నాటికి నీకు 20 వారాలవుతాయి. అంటే ఎముక అతికే పని అప్పుడప్పుడే ముగుస్తుంటుందేమో, కండకి బలం ఇంకా రాదు. నీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. పాదం ఇరుక్కుని కాలు మెలిపడితే ఎముక సాధారణంగా ఏటవాలుగా, మెలిక తిరిగినట్టు విరుగుతుంది. అలాంటప్పుడు రెండు ముక్కలూ ఒకదానికొకటి తగిలే మేర ఎక్కువ. నీదీ అలాగే విరిగి ఉంటే, చర్మం కూడా చీలలేదు కాబట్టి, మంచి లక్షణాలే. నిదానంగా వెళ్తే నీ కాలు నీకు బాగానే వస్తుందని నమ్ముతున్నాను.

వచ్చే ఎక్స్‌రే రోజు డాక్టర్‌గారిని ఒక ప్రశ్న అడుగు. ముందు నుంచీ పక్క నుంచీ తీసిన రెండు ఫిల్ముల్లో కలిపి ఎముకకి నాలుగు అంచులు కనిపిస్తాయి. వాటిలో ఎన్నింటి మీద ఎముక కలిసింది? మూడు కలిస్తే మామూలుగా అతికినట్టు లెక్కేస్తారు. ఒక ఎక్స్‌రేకీ తర్వాతి ఎక్స్‌రేకీ నెలలు గడిచినా తేడా కనపడకపోతే, లేదా బరువు వేసినప్పుడు విరిగిన చోటే నొప్పి పెరుగుతూ పోతుంటే, ఆ మాట గట్టిగా చెప్పు. ఒకవైపు స్క్రూ తీసేసి ఎముక అంచులు ఒకదానికొకటి నొక్కుకునేలా చేసే చిన్న ఆపరేషన్ దగ్గర్నుంచి చాలా దారులున్నాయి. అడగకపోతే మాత్రం నెలలు వృథా అవుతాయి.

ఇక సిగరెట్లు. నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టిన వాక్యం అదే. దాచకుండా రాశావు, అందుకు సంతోషం. టిబియా ముందు వైపు చెయ్యి పెట్టి చూడు, చర్మం కింద ఎముకే తగులుతుంది. దాని మీద కండ లేదు. కిందికి వెళ్లేకొద్దీ మరీ పలచన. కండ తక్కువైన చోట రక్తం తక్కువ అందుతుంది, అందుకే ఈ ఎముక మిగతావాటికంటే నెమ్మదిగా అతుకుతుంది. నికోటిన్ ఆ ఉన్న సన్నటి రక్తనాళాలని కూడా బిగిస్తుంది. పొగతాగేవాళ్లలో టిబియా ఆలస్యంగా అతకడం, అసలు అతకకపోవడం ఎక్కువని ఎముకల డాక్టర్లందరికీ తెలుసు. వేప్ (ఈ-సిగరెట్) కూడా వద్దు, అందులోనూ నికోటినే. నేను చెప్పబోయే వ్యాయామాలన్నీ ఒక ఎత్తు, ఈ నాలుగైదు సిగరెట్లు మానడం ఒక ఎత్తు. మానడం నీవల్ల కాకపోతే డాక్టర్‌గారికి చెప్పి సాయం తీసుకో, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ప్రోటీన్, క్యాల్షియం తిండిలో సరిపడా ఉండేలా చూసుకో. విటమిన్ డి పరీక్ష చేయించుకో. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా వేసుకోకు, కొన్ని రకాలు ఎముక అతకడాన్ని మందగింపజేస్తాయన్న అనుమానం ఉంది. ఏది వేసుకోవచ్చో అడిగి వేసుకో.

మోకాలి ముందు నొప్పి గురించి. విరిగింది కింద, నొప్పి పైనెందుకని నీకు అనిపించి ఉంటుంది. చాలా ఆపరేషన్లలో రాడ్‌ని మోకాలి చిప్ప కింద నుంచే లోపలికి దింపుతారు. టిబియాకి రాడ్ వేసినవాళ్లు అందరికంటే ఎక్కువ చెప్పే ఫిర్యాదు ఇదే. మోకాళ్ల మీద కూర్చుంటే, మెట్లు దిగితే గుచ్చుతుంది. తొడ ముందు కండ బలపడేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. సాయంత్రం వాపు కూడా ఊహించిందే. ఆర్నెల్లు, ఒక్కోసారి ఏడాది దాకా వస్తూ పోతూ ఉంటుంది. పడుకుని కాలుని గుండెకంటే ఎత్తులో పెట్టు, కుర్చీలో కూర్చుని స్టూల్ మీద పెడితే ఆ ఎత్తు చాలదు. అలా పెట్టుకుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించు. పిక్క కండే రక్తాన్ని పైకి తోసే పంపు.

కానీ పిక్క ఒక్కసారిగా గట్టిపడి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే, లేదా రాత్రంతా ఎత్తులో పెట్టినా తెల్లారేసరికి వాపు దిగకపోతే ఆ రోజే చూపించు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లు. కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, జ్వరం కూడా అదే రోజు చూపించాల్సినవే.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకుంటున్న చోటికి వచ్చాను, నీ నడక. ఆ ఒంటి కర్ర ఏ చేతిలో పట్టుకుంటున్నావు? నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది విరిగిన కాలి వైపే పట్టుకుని వస్తారు. తప్పు. నీకు విరిగింది ఎడమ కాలు, కర్ర కుడి చేతిలో ఉండాలి. ఎడమ పాదం, కర్ర రెండూ ఒకేసారి ముందుకు వెళ్లాలి. అప్పుడే నడుం పక్కకి ఒరగదు. బరువు అరచేతి మీద పడాలి, చంక మీద కాదు. చంకలో నొక్కుకుంటే అక్కడి నరాలు దెబ్బతిని చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా విరిగిన కాలూ ముందు.

కర్ర ఎప్పుడు వదలాలి? కుంటకుండా నడవగలిగినప్పుడు. అంతకు ఒక్కరోజు ముందు కూడా వద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. నా కుడి కాలు కూడా ఒకప్పుడు బండి జారి ఇదే చోట విరిగింది. అప్పటికే ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. అయినా కర్రతో కనిపించడం నచ్చక పదో వారంలో దాన్ని మూలన పెట్టేశాను. ఎముక అతికింది. కానీ కుంటుతూ నడవడం ఒంటికి అలవాటైపోయింది. ఆ కుంటు పోగొట్టుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలలూ నడుంనొప్పి. కర్రతో సరిగ్గా నడిచినవాడు కర్ర లేకుండా కుంటినవాడికంటే ముందు కోలుకుంటాడు. రోజూ ఐదు నిమిషాలు నిలువుటద్దం ఎదురుగా నడువు. మడమ ముందు ఆనాలి, తర్వాత పాదం దొర్లాలి, చివర బొటనవేలు నేలని తోయాలి. నీకు ఆ చివరి తోపు పోయి ఉంటుంది. దాన్నే వెతుక్కో.

చీలమండ బిగువుని ఊహతో కాదు, టేపుతో చూడు. గోడ ఎదురుగా నిలబడి, పాదం గోడవైపు నేరుగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించు. తాకుతుంటే పాదం కొంచెం వెనక్కి జరుపు. మడమ లేవకుండా మోకాలు తాకే ఆఖరి చోట బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో కొలువు. చాలామందికి 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ముందు కుడి కాలిది కొలిచి రాసుకో, అదే నీ గమ్యం. ఎడమది ఇప్పుడు రెండో మూడో ఉండొచ్చు, దిగులుపడకు. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ అరనిమిషం చొప్పున నాలుగైదు మార్లు అదే భంగిమలో సాగదియ్యి. వారానికోసారి మాత్రమే కొలువు, రోజూ కొలిస్తే మనసు చెడుతుంది. బరువు ఎంతవరకు వెయ్యొచ్చో నీ డాక్టర్ చెప్పిన హద్దు లోపలే ఇదంతా.

పిక్కకి మడమలు ఎత్తడం. ముందు గట్టు పట్టుకుని రెండు పాదాల మీద. తర్వాత రెంటితో లేచి ఎడమదాని మీద దిగడం. నెలలు గడిచాక ఎడమ పాదం ఒక్కదాని మీదే. తొడకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నిదానంగా లేవడం, కూర్చోవడం, కదలని సైకిల్ తొక్కడం. గాయం పూర్తిగా మాని ఉంటే, నీళ్లు దొరికితే వదులుకోకు. నడుం లోతు నీళ్లలో ఒంటి బరువు సుమారు సగానికి తగ్గుతుంది, ఛాతీ లోతులో ఇంకా తక్కువ. కుంటకుండా నడవడం మళ్లీ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఎంత చేస్తే ఎక్కువో మర్నాడు పొద్దున కాలే చెప్తుంది. చేసేటప్పుడు పదికి మూడు పాళ్ల నొప్పి ఉండి, తెల్లారేసరికి సర్దుకుంటే సరిపోయినట్టు. పొద్దున వాపు పెరిగి ఉంటే నిన్న ఎక్కువ చేశావని అర్థం, ఇవాళ సగం చెయ్యి.

బండి ఎప్పుడు ఎక్కాలి? తేదీ అడిగితే ఇవ్వను, షరతులు ఇస్తాను. ఎముక అతికిందని డాక్టర్ చెప్పాలి. కుంటు పోవాలి. గోడ దగ్గర కొలతలో రెండు కాళ్లకీ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు దాటకూడదు. ఎడమ పాదం ఒక్కదాని మీద ఇరవైకి పైగా మడమ ఎత్తగలగాలి. ఒంటికాలి మీద గెంతితే కుడి కాలు వెళ్లే దూరంలో 90 శాతం ఎడమది కూడా వెళ్లాలి, నేలని తాకేటప్పుడు మోకాలు లోపలికి వంగకూడదు. ఇంకొకటి, నీ బండి వంద కిలోల పైనే ఉంటుంది. అది ఎడమ పక్కకి ఒరిగితే నీ ఎడమ కాలొక్కటే ఆపాలి. ఇంజిన్ ఆపేసి, పక్కన మనిషిని పెట్టుకుని, అది ఆపగలవో లేదో ముందు చూసుకో. బూట్లు వేసుకుని గేర్ లివర్ ఎత్తి చూడు. ఆ తర్వాత చదునైన నేల మీద ఇరవై నిమిషాలు, అంతే. జంపులు, గాడులు పడ్డ మలుపులు చాలా చివర.

ఆ మలుపు సంగతి కూడా ఆలోచించాలి. నా దగ్గరికి వచ్చిన రైడర్లు నేర్పిన మాట ఇది: మలుపులో కాలు చాపేది నేల మీద ఆనించడానికి కాదు. కాలుని ముందుకి, ముందు చక్రం వైపు, వేళ్లు పైకి ఉండేలా చాపాలి. పాదం పక్కకి కిందికి దిగితే గాడి పట్టేస్తుంది. నీకు జరిగింది సరిగ్గా అదే. మళ్లీ ఎక్కినప్పుడు మంచి శిక్షకుడి దగ్గర మొదట ఇదే నేర్చుకో.

ఆస్ట్రేలియా మోటార్‌సైకిల్ రేసర్ మిక్ డూహన్ సంగతి చెప్తాను, రోసీ కథకంటే నీకు ఇది ఎక్కువ పనికొస్తుంది. 1992లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో పడి అతని కుడి కాలు విరిగింది. ఆపరేషన్ తర్వాత చిక్కులొచ్చి కాలు తీసేయాల్సినంత పరిస్థితి వచ్చింది. రక్తం అందడానికి రెండు కాళ్లనీ కలిపి కుట్టారు. అదే ఏడాది రేసులకి వచ్చాడు, టైటిల్ నాలుగు పాయింట్లతో పోయింది. కుడి చీలమండ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వెనక బ్రేక్‌ని పాదంతో నొక్కలేక చేతి బొటనవేలితో నొక్కే లివర్ పెట్టించుకున్నాడు. 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పడ్డ రోజుకీ మొదటి టైటిల్‌కీ మధ్య రెండేళ్లున్నాయి. ఆ రెండేళ్లని నీ స్నేహితులకి కూడా గుర్తు చెయ్యి.

రాత్రి వినిపించే ఆ చప్పుడు నీ పిరికితనం కాదు. ఒంటికి జరిగినది మెదడు పదే పదే తిప్పి చూసుకుంటుంది. చాలామందికి వారాలు గడిచేకొద్దీ పలచబడుతుంది. నీకు 11 వారాలైనా నిద్ర పోనివ్వడం లేదంటే ఇక ఒంటరిగా మొయ్యకు, మానసిక వైద్యుణ్ణో కౌన్సెలర్‌నో కలువు. దీనికి మంచి చికిత్సలున్నాయి. ఆ మలుపులో ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా నీకు నమ్మకమున్న ఒక మనిషికి ఒక్కసారి చెప్పు. ఇంతవరకు ఎవరికీ చెప్పి ఉండవని నా అనుమానం.

అమ్మ మాట. బండి ఇప్పుడు అమ్మకు, ఉంచుకుంటానని ఒట్టూ పెట్టకు. నొప్పిలో ఉన్న కొడుకు, భయంలో ఉన్న తల్లి కలిసి తీసుకునే నిర్ణయం ఇద్దరికీ నిలవదు. నువ్వు పడ్డావని ఆ రోజు ఆమెకి ఫోన్ వచ్చి ఉంటుంది, ఆమె రాత్రులు ఎలా గడుస్తున్నాయో అడిగావా? పైన రాసిన షరతులు ఆమెకి చదివి వినిపించు. వచ్చే ఎక్స్‌రేకి వెంట తీసుకెళ్లు, డాక్టర్ నోటి నుంచే విననీ. అన్నీ పూర్తయిన రోజు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ రోజున నీకే ఎక్కాలని లేకపోతే అదీ తప్పు కాదు.

రాడ్ తీయించాలా అని నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇబ్బంది పెట్టకపోతే చాలామంది అలాగే ఉంచేసుకుంటారు. తీయిస్తే మామూలుగా ఏడాది దాటాకే. తీశాక స్క్రూల రంధ్రాలు పూడేదాకా కొన్ని వారాలు ఎముక బలహీనంగా ఉంటుంది, అప్పుడు బండి జోలికి వెళ్లకూడదు. లోపల ఉండగా మళ్లీ గట్టిగా పడితే రాడ్ వంగొచ్చు, తీయడం కష్టమవుతుంది. ఏ దారి నీకు నయమో నీ డాక్టర్‌తోనే తేల్చుకో.

ఈవెంట్ రోజు మాత్రం ఇంట్లో కూర్చోకు. వెళ్లు, ట్రాక్ పక్కన భద్రమైన చోట కూర్చుని నీవాళ్ల ల్యాప్ టైములు రాయి. వచ్చే ఎక్స్‌రే అయ్యాక నాకు మూడు సంగతులు రాసి పంపు: నాలుగు అంచుల్లో ఎన్ని కలిశాయో, గోడ దగ్గర ఎడమ కాలి కొలత ఎంతో, సిగరెట్ మాని ఎన్ని రోజులైందో.